చేపు, చెమట, దగ్గు: పెప్టైడ్‌లు మోసే కబుర్లు, వాటిని అందుకునే రిసెప్టర్లు

తెల్లారగట్ల బొబ్బిలి చుట్టుపక్కల ఏ పశువుల శాలలో చూసినా ఒకటే తంతు. దూడను విప్పుతారు. అది నాలుగు చన్నులూ మార్చి మార్చి చీకుతుంది, పొదుగును తలతో పొడుస్తుంది. దాన్ని పక్కకు లాగి కట్టేసి, పొదుగు తడిపి, నిమురుతూ కూర్చుంటారు. మొదట్లో వచ్చేది సన్నటి ధారే. నిమిషం, ఒక్కోసారి రెండు నిమిషాలు గడిచాక చన్నులు ఉబ్బి బిగుసుకుంటాయి, ధార గిన్నెలో నురగ కడుతుంది. "సేపింది" అంటారు. రాతలో చేపు.

ఈ చేపు వెనక పనిచేసేది ఆక్సిటోసిన్ అనే చిన్న పెప్టైడ్, అంటే కొద్ది అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు. దూడ మూతి తగిలిన స్పర్శ నరాల మీదుగా మెదడు అడుగునున్న హైపోథాలమస్‌కు చేరుతుంది. అక్కడి నరకణాలు పిట్యూటరీ గ్రంథి వెనక భాగంలోకి దించుకుని నిల్వ ఉంచిన ఆక్సిటోసిన్‌ను రక్తంలోకి వదులుతాయి. రక్తంతో పాటు అది ఒళ్ళంతా తిరుగుతుంది. చెవికీ వెళుతుంది, కాలిగిట్టకూ వెళుతుంది. పని జరిగేది మాత్రం పొదుగులో. ఎందుకంటే దాన్ని పట్టుకునే రిసెప్టర్లు అక్కడ, పాలగుళ్ళ (పాలు తయారయ్యే చిన్న సంచుల) చుట్టూ బుట్ట అల్లినట్టు పరుచుకున్న కండకణాల మీద ఉన్నాయి. పెప్టైడ్‌ల గురించి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే: కబురు ఊరంతటికీ చాటింపు వేసినట్టు వెళుతుంది, అర్థం మాత్రం విన్న ఇంటిని బట్టి ఉంటుంది.

గేదెకు ఆవు కంటే చేపు ఎందుకంత ముఖ్యమో కూడా ఇక్కడే తేలుతుంది. ఆవు పొదుగులో సుమారు 20 శాతం పాలు చన్నుల పైనుండే ఖాళీలోకి ముందే దిగి ఉంటాయి. గేదెలో అలా దిగి ఉండేవి 5 శాతం దగ్గరే. మిగతా 95 శాతం పాలగుళ్ళలోనే ఉంటాయి. ఆక్సిటోసిన్ వచ్చి ఆ గుళ్ళను పిండితే తప్ప చేత్తో ఎంత లాగినా రావు. పైగా రక్తంలో ఆక్సిటోసిన్ ఆయుష్షు కొద్ది నిమిషాలే. అందుకే చేపిన తర్వాత ఐదు నుంచి ఏడు నిమిషాల్లో పితకడం ముగించాలంటారు. మధ్యలో కబుర్లలో పడి ఆగితే ఆఖరి పాలు, అంటే వెన్న ఎక్కువగా ఉండేవి, పొదుగులోనే మిగిలిపోతాయి.

పూసలదండ పుట్టుక

అమైనో ఆమ్లాలను పూసలనుకుంటే పెప్టైడ్ పొట్టి దండ, ప్రోటీన్ పొడుగు దండ. ఆక్సిటోసిన్‌లో పూసలు 9. ఒకటో పూసా ఆరో పూసా రెండూ సిస్టీన్‌లే. వాటి గంధకం పరమాణువులు రెండూ చేతులు కలుపుకోవడంతో ఆరు పూసల ఉంగరం, దానికి మూడు పూసల తోక ఏర్పడతాయి. ఈ ఆకారాన్ని విన్సెంట్ దు విగ్నో 1953లో తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసి చూపించారు. 1955లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

కణం మాత్రం ఈ 9 పూసలనూ విడిగా గుచ్చదు. మనుషుల్లో మొదట 125 పూసల పొడుగు దండ తయారవుతుంది. దాని మొదటి 19 పూసలు చిరునామా చీటీ లాంటివి: "ఈ సరుకు బయటికి పంపేది" అని కణానికి చెప్పి, ఆ పని అవగానే తెగిపోతాయి. పేర్ల తికమక ఇక్కడే. ఈ చీటీని సిగ్నల్ పెప్టైడ్ అంటారు, కబురు మోసే ఆక్సిటోసిన్ లాంటివాటిని సిగ్నలింగ్ పెప్టైడ్‌లంటారు. రెండూ ఒకటి కావు. ఇంటర్ చదివే పిల్లలు ఏటా వీటిని కలిపేసి రాస్తారు. తప్పు వాళ్ళది కాదు, పేర్లు పెట్టినవాళ్ళది.

చీటీ పోయాక మిగిలిన దండలో ఆక్సిటోసిన్, దాన్ని దారిలో కాపాడే న్యూరోఫైసిన్ అనే తోడు ప్రోటీన్ ఉంటాయి. రెంటి మధ్య కోత గుర్తు ఉంటుంది. ఎంజైములు అక్కడ కోసి, తోక చివర ఒక అమైడ్ ముడి వేస్తాయి. ఆ ముడి లేకపోతే రిసెప్టర్ దాన్ని సరిగా పట్టుకోదు. ఆక్సిటోసిన్ తోబుట్టువు వాసోప్రెసిన్ కూడా ఇలాగే పుడుతుంది. వాసోప్రెసిన్ పూసలన్నీ సరిగానే ఉండి, తోడు ప్రోటీన్‌లో తేడా వచ్చినా దండ సరిగా మడతపడక కణంలోనే చిక్కుకుపోతుంది. అలాంటి కుటుంబాల్లో పిల్లలు లీటర్లకొద్దీ మూత్రం పోస్తూ, చెంబులకొద్దీ నీళ్ళు తాగుతుంటారు.

తాళం పోలిక ఎక్కడ సరిపోదు

రిసెప్టర్‌ను తాళంతోనూ పెప్టైడ్‌ను తాళంచెవితోనూ పోలుస్తారు. మొదటి పాఠానికి ఆ పోలిక చాలు. కానీ తాళం ఎన్నిసార్లు తీసినా అలసిపోదు, ఇంట్లో తాళాల సంఖ్య దానంతటది పెరగదు. రిసెప్టర్ విషయంలో ఈ రెండూ జరుగుతాయి.

ఆక్సిటోసిన్ రిసెప్టర్ కణం పొరలో ఏడుసార్లు లోపలికీ బయటికీ కుట్టిన దారంలా ఉంటుంది. బయటి వైపు ఆక్సిటోసిన్ తగలగానే దాని ఆకారం కొద్దిగా కదిలి, లోపలి వైపు ఆనుకుని ఉన్న, కబురును కణంలోకి అందించే జీ ప్రోటీన్‌ను లేపుతుంది. ఇక్కడ లేచేది జీక్యూ రకం. అది పొరలోని ఒక కొవ్వు అణువును చీల్చే ఎంజైమును నడిపిస్తుంది. చీలికలో పుట్టిన ఐపీ3 అనే చిన్న అణువు వెళ్ళి కణం లోపలి కాల్షియం గిడ్డంగి తలుపులు తీస్తుంది. కాల్షియం పెరిగితే కండ బిగుస్తుంది, పాలగుడి పిండినట్టవుతుంది. మనిషి జన్యువుల్లో ఇలా ఏడుసార్లు కుట్టుకున్న రిసెప్టర్లు దాదాపు 800 రకాలున్నాయి. వీటి పనితీరును విప్పిచెప్పినందుకు 2012లో రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయాన్ కోబిల్కా నోబెల్ అందుకున్నారు.

లేచిన రిసెప్టర్‌ను కణం ఎక్కువసేపు అలా ఉండనివ్వదు. కొన్ని ఎంజైములు దాని తోకకు ఫాస్ఫేట్ గుర్తులు వేస్తాయి, అరెస్టిన్ అనే ప్రోటీన్ వచ్చి ఆ గుర్తుల మీద కూర్చుంటుంది, రిసెప్టర్‌ను పొర మీద నుంచి లోపలికి లాగేస్తారు. కాసేపు విశ్రాంతి దొరికితే కొన్ని తిరిగి పైకి వస్తాయి. లేకపోతే అరిగిపోతాయి.

రోజూ రెండు పూటలా ఆక్సిటోసిన్ సూది పొడిచి పాలు తీసే అలవాటుతో వచ్చే చిక్కులో ఈ అలసటకు పెద్ద పాత్ర ఉంది. పొదుగులోని కండకణాలు క్రమంగా మొద్దుబారుతాయి. గేదె తనంతట తాను వదిలే కొద్దిపాటి ఆక్సిటోసిన్ వాటికి చాలదు. సూది మానిన రోజు చేపదు. "అలవాటు పడిపోయింది" అని రైతు అనేది అక్షరాలా నిజం. దూడ చచ్చిపోయిన గేదెకు పశువైద్యుడు కొద్ది రోజులు ఇవ్వడం వేరు, ఎవరో ముద్ర లేని సీసాలో అమ్మింది ఏళ్ళ తరబడి వాడడం వేరు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం పాల కోసం పశువు ఆరోగ్యానికి చేటు చేసే సూది పొడవడం నేరం.

గేదె బెదిరినప్పుడు పాలు ఎగబట్టడానికి కారణం మరొకటి. కొత్త మనిషి, కుక్క, దెబ్బ, దేనికి బెదిరినా మెదడు ఆక్సిటోసిన్‌ను వదలడమే ఆపుతుంది. పొదుగులో రిసెప్టర్లు చక్కగానే ఉంటాయి, కబురే రాదు. దీనికి మందు దాణా తొట్టిలో గుప్పెడు తెలకపిండి, రోజూ అదే మనిషి, అదే వేళ.

పాలలో మిగిలిన ఆక్సిటోసిన్ వల్ల ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతున్నారన్న మాటకు ఆధారం లేదు. తాగిన పెప్టైడ్‌ను కడుపు, పేగు కలిసి ముక్కలు చేస్తాయి. పైగా ఆ వయసు మార్పును నడిపేది జీఎన్‌ఆర్‌హెచ్ అనే 10 పూసల వేరే పెప్టైడ్. దాని నడక చూడదగ్గది. గంటకో గంటన్నరకో ఒక విడతగా వస్తేనే పిట్యూటరీ వింటుంది. ఎడతెగకుండా వస్తే చెవులు మూసుకుంటుంది. అందుకే దాని నకలైన ల్యూప్రోలైడ్‌ను నెలల తరబడి నిలిచే సూదిగా ఇచ్చి, మరీ చిన్న వయసులో మొదలైన యవ్వనాన్ని ఆపుతారు. మరో నకలు బ్యూసెరిలిన్‌ను పశువైద్యులు 10 మైక్రోగ్రాములు ఒక్కసారి ఇచ్చి గేదెలో అండం విడుదల చేయిస్తారు. గేదెలను ఒకే వేళకు ఎదకు తెచ్చే పద్ధతిలో మొదటి రోజు ఇది, ఏడు రోజులకు ప్రోస్టాగ్లాండిన్ అనే వేరే మందు, మరో రెండు రోజులకు మళ్ళీ ఇది, ఆపై సుమారు 16 గంటలకు కృత్రిమ గర్భధారణ. ఒకే రిసెప్టర్. విడతగా తడితే పని మొదలవుతుంది, వదలకుండా తడితే ఆగిపోతుంది.

రెండు పూసల తేడా, ఉద్దానం ఎండ

ఆక్సిటోసిన్ దండలో మూడో పూస ఐసోల్యూసిన్, ఎనిమిదో పూస ల్యూసిన్. ఆ రెండింటి చోట ఫినైల్ అలనిన్, ఆర్జినిన్ పెట్టండి. వాసోప్రెసిన్ వస్తుంది. మిగతా ఏడు పూసలూ అవే. ఒకటి పాలు దించేది, ఇంకొకటి నీళ్ళు దాచేది.

మే నెలలో ఉద్దానంలో, అంటే శ్రీకాకుళం జిల్లా పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు, జీడితోటల్లో పిక్కలు ఏరేవాళ్ళ ఒంట్లో ఈ వాసోప్రెసిన్ పొద్దున్నుంచే పనిలో ఉంటుంది. రక్తం చిక్కదనం మామూలుగా కిలోకు 285 మిల్లీఆస్మోల్స్ (కరిగిన పదార్థాల కొలత) దగ్గర ఉంటుంది. చెమట పోయి అది ఒక్క శాతం పెరిగినా మెదడు వాసోప్రెసిన్ వదులుతుంది. దాహం ఆ తర్వాత, ఇంకాస్త చిక్కబడ్డాక వేస్తుంది. అంటే దాహం వేసేసరికి కిడ్నీకి కబురు అంది చాలాసేపయింది.

కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడగడతాయి. అందులో అధికభాగం వాసోప్రెసిన్ లేకుండానే తిరిగి రక్తంలో కలుస్తుంది. ఆఖరి పదో వంతు మాత్రం దీని చేతిలో ఉంటుంది. మూత్రం బయటికి పోయే చివరి గొట్టాల కణాల మీద వీ2 రిసెప్టర్ ఉంది. ఇది లేపేది జీక్యూను కాదు, జీఎస్ అనే మరో రకం జీ ప్రోటీన్‌ను. లోపల సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే చిన్న అణువు పెరుగుతుంది. దాంతో ఆక్వాపోరిన్-2 అనే నీటి తూములు, అప్పటిదాకా చిన్న సంచుల్లో ముడుచుకున్నవి, కణం పైపొరకు వచ్చి అతుక్కుంటాయి. నీరు వాటిగుండా లోపలికి దూరుతుంది. కబురు ఆగితే నిమిషాల్లో తూములు మళ్ళీ సంచుల్లోకి పోతాయి. తూములన్నీ మూసుకుంటే మూత్రం రోజుకు 15 లీటర్లు దాటగలదు, అన్నీ తెరుచుకుంటే అర లీటరుకు తగ్గగలదు. కల్లు తాగినవాడు పదేపదే చెట్టు చాటుకు వెళ్ళేది మత్తు వాసోప్రెసిన్‌ను అణచడం వల్ల. మరునాటి తలనొప్పిలో దానికీ వాటా ఉంది.

అదే వాసోప్రెసిన్ రక్తనాళాల మీది వీ1ఏ రిసెప్టర్‌కు తగిలితే నాళం బిగుస్తుంది, పిట్యూటరీ ముందు భాగంలోని వీ1బీకి తగిలితే ఒత్తిడి హార్మోన్లను లేపే ఏసీటీహెచ్ పెరుగుతుంది. పెప్టైడ్ ఒకటే, రిసెప్టర్లు మూడు, పనులు మూడు. ఈ కలగాపులగాన్ని విడదీయడానికే డెస్మోప్రెసిన్ తయారుచేశారు. ఒకటో పూస నుంచి అమైనో కొసను తీసేశారు, ఎనిమిదో పూసను అద్దంలో బింబంలా తిప్పారు. దాంతో అది వీ2నే గట్టిగా పట్టుకుంటుంది, రక్తనాళాల జోలికి దాదాపు పోదు. మోతాదులు చూస్తే పెప్టైడ్‌లకు కడుపు ఎంత శత్రువో తెలుస్తుంది: సూదిగా 1 నుంచి 4 మైక్రోగ్రాములు, ముక్కులో 10 నుంచి 40, మాత్రగా అయితే 100 నుంచి 200. ఇన్సులిన్‌ను ఇప్పటికీ ఎక్కువగా సూదితోనే తీసుకోవడానికి కారణం అదే.

మూత్రం అతిగా పోతున్నవాళ్ళకు డెస్మోప్రెసిన్ ఇచ్చి చూసే పరీక్షలో తర్కం కూడా సూటిగా ఉంటుంది. మూత్రం చిక్కబడితే కబురు పంపడంలో లోపం, చిక్కబడకపోతే అందుకోవడంలో లోపం. ఈ రెండోదానికి పెద్దల్లో తరచూ కనిపించే కారణాలు లిథియం మాత్రలు, రక్తంలో కాల్షియం పెరగడం. పుట్టుకతో వస్తే ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తుంది, వీ2 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది కాబట్టి.

ఎండలో పనిచేసేవాళ్ళకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. వాసోప్రెసిన్ ఎక్కువగా ఉన్నప్పుడు చెమటతో పోయిన ఉప్పు భర్తీ చేయకుండా ఉత్త నీళ్ళే బిందెలకొద్దీ తాగితే, నీరు లోపల నిలిచి సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, మాటల తడబాటు, మరీ తగ్గితే ఫిట్స్. వాంతి వికారమే వాసోప్రెసిన్‌ను ఇంకా పెంచుతుంది కాబట్టి ఇది తనను తాను పెంచుకునే చక్రం. ఉప్పేసిన చోడంబలిలో (రాగి అంబలిలో) మజ్జిగ కలుపుకుని తోటకు పట్టుకెళ్ళే పద్ధతి ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. కిడ్నీ జబ్బు ఇప్పటికే ఉన్నవాళ్ళు మాత్రం ఉప్పు, నీళ్ళు ఎంత అన్నది డాక్టరును అడిగే తేల్చుకోవాలి. ఉద్దానంలో ఇంటికొకరన్నట్టు ఆ జబ్బున్న ఊళ్ళున్నాయి. దానికి ఇదీ అని ఒక్క కారణం తేలలేదు. ఎండలో పదేపదే ఒంట్లో నీరు తగ్గడం అనుమానాల జాబితాలో ఒకటి మాత్రమే.

పురిటి గదిలో అదే పెప్టైడ్

నెలలు నిండేకొద్దీ గర్భాశయం కండ మీద ఆక్సిటోసిన్ రిసెప్టర్లు పదుల రెట్లు పెరుగుతాయి. ఈస్ట్రోజన్ వాటిని పెంచుతుంది, ప్రొజెస్టిరాన్ అణచి ఉంచుతుంది. నాలుగో నెలలో పట్టించుకోని మోతాదుకు తొమ్మిదో నెలలో నొప్పులు రావడం అందుకే. నొప్పులు తెప్పించడానికి 500 మి.లీ. సెలైన్‌లో ఆక్సిటోసిన్ 5 యూనిట్లు కలిపితే ఒక మి.లీ.లో 10 మిల్లీయూనిట్లు ఉంటాయి. నిమిషానికి 2 మిల్లీయూనిట్లతో మొదలుపెట్టాలంటే, మి.లీ.కు 20 చుక్కల సెట్‌లో నిమిషానికి 4 చుక్కలే. అంత తక్కువ. చుక్కలు లెక్కపెట్టకుండా వదిలేస్తే నొప్పికీ నొప్పికీ మధ్య ఎడం లేక బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. గంటల తరబడి నడిపితే రిసెప్టర్లు అలసి, కాన్పయ్యాక గర్భాశయం మెత్తబడి రక్తస్రావం అవుతుంది. గేదె పొదుగులో చూసిన కథే ఇది.

ఇంకో ప్రమాదం తోబుట్టువుల పోలిక వల్ల వచ్చేది. ఆక్సిటోసిన్ మోతాదు పెరిగేకొద్దీ అది కిడ్నీలోని వీ2ను కూడా తడుతుంది. మూత్రం తగ్గుతుంది. దాన్ని ఉప్పు లేని 5 శాతం గ్లూకోజ్ సీసాల్లో కలిపి ఎక్కిస్తే బాలింతరాలికి సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. అందుకే ఉప్పున్న సెలైన్‌లో కలపాలంటారు, మూత్రం కొలవాలంటారు.

కాన్పవగానే రక్తస్రావం ఆపడానికి ఇచ్చేది 10 యూనిట్లు. తూకంలో చూస్తే సుమారు 17 మైక్రోగ్రాములు, గ్రాములో అరవై వేలో వంతు. ఆ కాస్తా చెడకుండా ఉండాలంటే సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. సీతంపేట కొండల మీది ఊళ్ళకు వేసవిలో తీసుకెళ్ళేటప్పుడు ఇదే అసలు పరీక్ష. చెడిన మందు చూడ్డానికి నీళ్ళలా అలాగే ఉంటుంది, సూది వేసినా గర్భాశయం గట్టిపడదు. వేడికి తట్టుకునేలా మార్చిన నకలు కార్బెటోసిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో, రక్తస్రావం రాకుండా ముందు జాగ్రత్తకు మాత్రమే, సిఫార్సుల్లో చేర్చింది. ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి నొప్పులు తెప్పించడానికి వాడకూడదు.

కత్తిరించే ఎంజైము

ఇంతవరకూ పెప్టైడ్, రిసెప్టర్ రెండే చూశాం. మూడోది పెప్టైడ్‌ను కత్తిరించేది. బీపీ మాత్రల కథంతా దాని చుట్టూనే.

రక్తపోటు తగ్గినప్పుడు కిడ్నీ రెనిన్‌ను వదులుతుంది. అది కాలేయం చేసిన పెద్ద ప్రోటీన్ నుంచి 10 పూసల యాంజియోటెన్సిన్-1ను కోస్తుంది. ఏసీఈ అనే ఎంజైము చివరి రెండు పూసలు తెంపితే 8 పూసల యాంజియోటెన్సిన్-2. ఇది ఏటీ1 రిసెప్టర్‌కు తగిలి నాళాలను బిగిస్తుంది, అడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్‌ను వదిలిస్తుంది. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి ఏసీఈని ఆపుతాయి. టెల్మిసార్టాన్, లోసార్టాన్ కత్తెర జోలికి పోవు, ఏటీ1 దగ్గర అడ్డంగా కూర్చుంటాయి. తేడా ఏమిటంటే, ఏసీఈ తెంపేది ఒక్క యాంజియోటెన్సిన్‌నే కాదు. బ్రాడికినిన్ అనే మరో 9 పూసల పెప్టైడ్‌ను కూడా అదే నాశనం చేస్తుంది. కత్తెర ఆగితే బ్రాడికినిన్ పోగుపడి గొంతులో గరగర, వదలని పొడిదగ్గు. సిరప్‌లు, ఆవిరి, ఎక్స్‌రేలు అన్నీ అయ్యాక మాత్ర మార్చగానే ఒకటి నుంచి నాలుగు వారాల్లో పోతుంది. పెదవులో నాలుకో వాస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి పోవాలి, ఆ మాత్ర మళ్ళీ ముట్టకూడదు.

కిడ్నీ వడపోత గుత్తికి రక్తం తెచ్చే నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి. యాంజియోటెన్సిన్-2 బయటికి పోయే నాళాన్ని ఎక్కువగా బిగించి లోపల ఒత్తిడి నిలబెడుతుంది. మాత్ర ఆ బిగింపును వదులు చేస్తుంది, దీర్ఘకాలంలో కిడ్నీకి అదే మేలు. అందుకే మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె), పొటాషియం చూస్తారు. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే సాధారణంగా మాత్ర ఆపరు. కానీ విరేచనాలు పట్టుకున్న రోజునో ఎండదెబ్బ తగిలిన రోజునో లెక్క మారుతుంది. రక్తం ఎలాగూ తక్కువ వస్తోంది, బయటి నాళం వదులుగా ఉంది. ఆపైన ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్ వేసుకుంటే లోపలికి తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ కూడా ఆగిపోతుంది. మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర ఒకటి తోడైతే కిడ్నీ రెండు మూడు రోజుల్లో దెబ్బతినగలదు. నొప్పుల మాత్ర కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది, చిక్కంతా అదే. ఒంట్లో బాగోలేని రోజుల్లో ఏ మాత్ర ఆపాలో, ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో బాగున్నప్పుడే డాక్టరుతో రాయించుకుని పెట్టుకోవడం మేలు.

ఆల్డోస్టిరాన్ తగ్గితే పొటాషియం బయటికి పోవడం తగ్గుతుంది. ఒక బొండంలో అర గ్రాముకు పైగా పొటాషియం ఉంటుంది. కొబ్బరితోటల నడుమ కూర్చుని, కిడ్నీ పాడై ఈ మాత్రలు వాడే మనిషికి బొండం వద్దని చెప్పడం కష్టమే. అయినా చెప్పాలి.

ఇక గుండె రాసే కబురు. గుండె గదులు సాగినప్పుడు 108 పూసల దండను రెండుగా తెంపి వదులుతాయి: 32 పూసల బీఎన్‌పీ, 76 పూసల ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. పని చేసేది మొదటిదే. దాని రిసెప్టర్ కణం పొరను ఒక్కసారే దాటుతుంది, జీ ప్రోటీన్ లేకుండా తన తోకతోనే సైక్లిక్ జీఎంపీ తయారుచేసి నాళాలను వదులు చేస్తుంది, ఉప్పును బయటికి పంపుతుంది. రెండో ముక్కకు రిసెప్టర్ లేదు. రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి గుండె వైఫల్యాన్ని (గుండె సరిగా పంపు చేయలేకపోవడాన్ని) పట్టే పరీక్షకు అనువు. అయితే దాన్ని బయటికి పంపడంలో కిడ్నీదే పెద్ద పని. పలాసలో డయాలసిస్ చేయించుకునే మనిషికి ఈ అంకె వేలల్లో వచ్చినంత మాత్రాన గుండె వైఫల్యం ముదిరిందని కాదు, ఆయన పాత అంకెతో పోల్చాలి. గుండె వైఫల్యానికి సాకుబిట్రిల్-వాల్‌సార్టాన్ వాడేవాళ్ళలో బీఎన్‌పీని తెంపే నెప్రిలైసిన్ అనే కత్తెరనే మందు ఆపుతుంది, కాబట్టి బీఎన్‌పీ మందు వల్లే పెరుగుతుంది. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ ఆ కత్తెర కిందికి రాదు. ల్యాబ్ చీటీ మీద ఆ రెంటిలో ఏది రాశారో ముందు చూడాలి.